ఉప్పు అడిగిన ఆడది

అక్షరాల్లో తప్పులుంటే మన్నించాలి. ఒత్తులూ దీర్ఘాలూ నాకింకా పూర్తిగా లొంగలేదు. రాయడమూ నెమ్మదే. ఒక పేజీ నిండేలోపల పొయ్యి మీద పప్పు ఉడికి, దించి, చల్లారిపోతుంది కూడా. చదువు నాకు తల నెరిశాక వచ్చింది. ఈ కథలో లక్ష్మీకాంతం అంటే నేనే. ప్రతి వాక్యంలో నేను, నేను అని రాసుకుంటే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుందని, పక్కింటావిడ సంగతి చెప్పినట్టు చెబుతున్నాను.

లక్ష్మీకాంతం తెనాలి నుంచి డబ్లిన్ వచ్చేనాటికి ఆమె భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు గిరీష్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కోడలు జయశ్రీదీ అదే. పొద్దున్నే ఇద్దరూ గబగబా వెళ్ళిపోతే, మనవరాలు శ్రావ్యని బడికి దింపి తీసుకురావడం, వంట, ఇల్లు అన్నీ లక్ష్మీకాంతానివే. రెండువేల అయిదో సంవత్సరం అది. ఎటు చూసినా ఆకాశంలో క్రేన్లు. నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ఇళ్ళ ధరలు తప్ప ఇంకో మాట ఉండేది కాదు. గిరీష్ మాత్రం టెరెన్యూర్‌లో ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని, లీజు అయిపోగానే కొనేస్తానని రెండేళ్ళుగా అంటున్నాడు.

ఆ దేశంలో లక్ష్మీకాంతానికి ఇంకో బిడ్డ కూడా ఉంది. కూతురు ధరణి. అన్న కంటే ముందే నర్సు ఉద్యోగానికొచ్చి, ములింగార్ ఆసుపత్రిలో స్థిరపడింది. అక్కడే అంబులెన్సు నడిపే డెక్లన్ అనే ఐరిష్ అబ్బాయిని ఇష్టపడి, అందరికీ చెప్పే పెళ్ళి చేసుకుంది. ఒక్కరూ వెళ్ళలేదు. ఆ రోజు నుంచి గిరీష్ ఇంట్లో ధరణి పేరెత్తకూడదు. గోడ మీద ఫొటో తీసేశాడు. ఫోను వస్తే నంబరు చూసి పెట్టేసేవాడు. ములింగార్ ఎంతో దూరం కాదు, రైలెక్కితే గంట పైచిలుకు. ఆ గంటా దాటనివ్వలేదు.

ఇప్పుడా ధరణికి నెలలు నిండుతున్నాయి. తొలిచూలు. మా వైపు తొలి కాన్పు తల్లి చేతుల మీద జరగాల్సిందే. తల్లి లేనప్పుడు పిన్నో, మేనత్తో వస్తుంది. తల్లి బతికుండీ, గంట దూరంలో ఉండీ వెళ్ళకపోవడమన్నది లక్ష్మీకాంతం ఎక్కడా వినలేదు. ఓ రోజు ధైర్యం చేసి గిరీష్‌ని అడిగింది. వాడు కోపంగా కూడా అనలేదు. టీవీ చూస్తూ, నెమ్మదిగా అన్నాడు.

"ఆ చాప్టర్ అయిపోయిందమ్మా. వెనక్కి తిరిగి చూడొద్దు. చూశావా, మళ్ళీ ఈ ఇంటి వైపు చూడాల్సిన పనుండదు."

లక్ష్మీకాంతం కంచాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆమె పాస్‌పోర్టు వాడి గదిలో బట్టల ప్రెస్‌లో, అంటే ఇక్కడి మాటలో బీరువాలో, పై అరలో ఉంది. ఆమె చేతిలో ఉన్నది బస్సు పాసు ఒక్కటే.

పక్కింటి ఫ్రీడాగారితో స్నేహం దీనికి ముందే కుదిరింది. దానికి కారణం ఉప్పు.

ఆ వేసవిలో ఓ ఆదివారం గిరీష్ ఆఫీసువాళ్ళు భోజనానికొస్తున్నారు. పప్పు పొయ్యి మీద ఉంది. డబ్బాలో చూస్తే ఉప్పు నిండుకుంది. లక్ష్మీకాంతం పక్కింటి తలుపు తట్టి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో చుట్టాలు వస్తున్నారు, ఉప్పు కావాలి అంది. డెబ్బై దాటిన ఓ సన్నపాటి ముసలావిడ నీలం అంచు పింగాణీ గిన్నె నిండా ఉప్పు తెచ్చింది. మామూలు ఉప్పు కాదు, కళ్ళుప్పు. డబ్లిన్‌లో కళ్ళుప్పు చూడడం లక్ష్మీకాంతానికి అదే మొదలు. ప్రాణం లేచొచ్చింది. కానీ ఉప్పు చేతికి చెయ్యి అందుకోకూడదు కదా, పోట్లాటలొస్తాయి. అందుకని చేతులు వెనక్కి పెట్టుకుని, గోడ మీద పెట్టమని చూపించింది. ఆవిడ ఒక్క క్షణం చూసి, నవ్వి, గిన్నె గోడ మీద పెట్టింది. శుక్రవారం సాయంత్రం మా బల్ల దగ్గరా అంతే, ఉప్పులో అద్దిన రొట్టె చేతికివ్వం, బల్ల మీద పెడతాం అంది. ఆ మాట లక్ష్మీకాంతానికి అర్థమైంది చాలా రోజుల తర్వాత.

అరువు తెచ్చిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు. లక్ష్మీకాంతం మర్నాడు పాలు పోసి సేమ్యా పాయసం కాచి, పొగలు కక్కుతుండగానే ఆ గిన్నెలో పోసి పట్టుకెళ్ళింది. ఫ్రీడాగారు గిన్నె వైపు చూసి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నారు. ఆవిడ యూదులావిడ. వాళ్ళింట్లో మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. ఆ ఉప్పు మాంసానికి పట్టించేది, ఆ గిన్నె మాంసం వైపుది. వేడి పాలు పడ్డ పింగాణీని ఇక కడిగినా వాళ్ళ వంటింట్లోకి రానివ్వరట. లక్ష్మీకాంతానికి సిగ్గుతో చెమటలు పట్టాయి. ఫ్రీడాగారు మాత్రం ఇంకో పాల గిన్నె తెచ్చి, పాయసం అందులోకి ఒంపుకుని, గుమ్మంలో నిలబడే తినేసి, నీలం గిన్నె మళ్ళీ గోడ మీద పెట్టారు. ఇది నీదే ఇక, మా ఇంట్లోంచి దీన్ని వెలేశాం అన్నారు.

అలా వెలివేసిన గిన్నె లక్ష్మీకాంతం ఇంటికొచ్చింది. అందులో ఎప్పుడూ కళ్ళుప్పే పోసి ఉంచేది.

ఫ్రీడాగారింట్లో పైగది సుధేష్ణకి అద్దెకిచ్చారు. వరంగల్ పిల్ల, యూనివర్సిటీలో పీజీ చేస్తోంది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఫ్రీడాగారి వంటింట్లో నలుగురైదుగురు యూదుల ఆడవాళ్ళు చేరతారని, వాళ్ళ పవిత్ర గ్రంథం తోరాలో ఆ వారం వచ్చే భాగాన్ని చదివి వాదించుకుంటారని ఆ పిల్లే చెప్పింది. రమ్మన్నారు ఆంటీ మిమ్మల్ని కూడా, పాయసం చేసిన ఆవిడేదని అడుగుతున్నారు అంది. లక్ష్మీకాంతం వెళ్ళింది. మొదట్లో టీ కోసమే వెళ్ళింది. తర్వాత ఆగలేకపోయింది.

ఆగలేకపోవడానికి కారణం వాళ్ళ పోట్లాట. మన ఇళ్ళల్లో పురాణం చెబుతుంటే చేతులు కట్టుకుని వింటాం. వీళ్ళు అలా కాదు. ఒక వాక్యం చదవడం, దాని మీద విరుచుకుపడడం. ఈవిడ పేరెందుకు రాయలేదు? ఆవిడ నవ్వితే తప్పేంటి? దాసీదాన్ని బిడ్డతో సహా ఎడారిలోకి తోలేస్తే దాని మనసులో ఏముంది, ఎవరైనా అడిగారా? ఫ్రీడాగారి చిన్నాన్న కూతురు బెల్లా మాత్రం ఎప్పుడూ పాతకాలపు పెద్దల వైపే. పెద్దలు ఇలా అన్నారు అని వేలు ఊపుతూ చెప్పేది. పెద్దలందరూ మగవాళ్ళే కదా బెల్లా అని ఫ్రీడాగారు ఎత్తిపొడిచేవారు. వాళ్ళ అమ్మమ్మకి హీబ్రూ అక్షరం రాదట. ఆడపిల్లకెందుకని నేర్పలేదట. ఫ్రీడాగారు కూడా యాభై దాటాకే, బట్టలకొట్టు అమ్మేశాకే నేర్చుకున్నారట. అడగడానికైనా ముందు చదవడం రావాలి కదా అన్నారు.

ఆ మాట లక్ష్మీకాంతానికి ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రమే సుధేష్ణని పట్టుకుని, నాకు తెలుగు అక్షరాలు నేర్పవే అంది. ఆ పిల్ల నవ్వలేదు. గురువారాలు అందరూ వెళ్ళిపోయాక, అదే బల్ల మీద, టీ కప్పులు పక్కకి జరిపి అ ఆ లు దిద్దించేది. ధరణి ఫోను కూడా ఆ పిల్ల మొబైల్‌కే వచ్చేది. "అమ్మా, బాగానే ఉన్నా, నువ్వేం ఆలోచించకు," అనేది ధరణి. రమ్మని ఒక్కసారీ అడగలేదు. అడగకపోవడమే లక్ష్మీకాంతానికి ఎక్కువ బాధ.

నవంబరులో ఓ గురువారం, ఆ వారం భాగం మొదలుపెట్టారు. ఫ్రీడాగారు హీబ్రూలో ఒక ముక్క, ఇంగ్లీషులో ఒక ముక్క. సుధేష్ణ తెలుగులోకి తిప్పేది.

ఒక పాపిష్టి ఊరట. అందులో లోతు అనే ఆయన ఉన్నాడు. ఇంటికి ఇద్దరు అతిథులొచ్చారు. వాళ్ళు దేవుడు పంపిన దూతలని ఆయనకి తెలియదు. ఊళ్ళో మగాళ్ళంతా ఇంటి చుట్టూ మూగి, ఆ అతిథుల్ని మాకప్పగించు అని గోల పెట్టారు. అప్పుడు లోతు గుమ్మంలోకొచ్చి, నాకు పెళ్ళికాని కూతుళ్ళిద్దరున్నారు, కావాలంటే వాళ్ళని తీసుకుపొండి, నా అతిథుల జోలికి రావద్దు అన్నాడు.

లక్ష్మీకాంతం టీ కప్పు కింద పెట్టేసింది. సుధేష్ణ తప్పు చెప్పిందేమోనని మళ్ళీ చెప్పమంది. మళ్ళీ అదే చెప్పింది.

"కన్న తండ్రేనా?"

"కన్న తండ్రే ఆంటీ."

ఫ్రీడాగారు ముందుకు చదివారు. దూతలు ఆ మూకకి కళ్ళు కనపడకుండా చేసి కాపాడారు. ఊరు తగలబడిపోతుంది, నీవాళ్ళుంటే పిలుచుకో అన్నారు. లోతు వెళ్ళి అల్లుళ్ళని లేపాడు. వాళ్ళు ముసలాయన వేళాకోళమాడుతున్నాడని నవ్వి ఊరుకున్నారు. తెల్లారుతుంటే దూతలు లోతునీ, భార్యనీ, పెళ్ళికాని కూతుళ్ళిద్దర్నీ చెయ్యి పట్టి బయటికి లాగారు. వెనక్కి చూడకుండా కొండ మీదికి పారిపొమ్మన్నారు. వెనకాల నిప్పుల వాన. లోతు భార్య వెనక్కి తిరిగి చూసింది. ఉప్పు స్తంభమైపోయింది.

అంతే. అంతటితో ఆవిడ మాట మళ్ళీ లేదు. పేరు కూడా లేదు.

"వెనక్కి తిరిగి చూడొద్దు" అన్న మాట దగ్గర లక్ష్మీకాంతానికి టీవీ ముందు కూర్చున్న గిరీష్ గొంతు వినపడింది.

బెల్లా వేలు ఊపడం మొదలుపెట్టింది. చూడొద్దన్నాక చూడడం తప్పు, దానికి రెండో మాట లేదంది. పైగా ఉప్పే ఎందుకయిందో పెద్దలు చెప్పారు అంది. అతిథులొచ్చిన రాత్రి ఈవిడ పక్కిళ్ళకి వెళ్ళి, మా ఇంటికి చుట్టాలొచ్చారు, కాస్త ఉప్పు పెట్టండి అని అడిగిందట. అలా ఊరందరికీ తెలియజేసి పట్టించిందట. ఉప్పుతో తప్పు చేసింది కాబట్టి ఉప్పయిపోయిందట.

సుధేష్ణ ఇది తెలుగులో చెప్పి, చెప్పాక నాలిక్కరుచుకుంది. ఫ్రీడాగారు కిటికీలోంచి బయటి గోడ వైపు చూస్తూ నవ్వాపుకుంటున్నారు. లక్ష్మీకాంతం నవ్వలేదు.

"ఏమ్మా, ఇంటికి చుట్టాలొస్తే ఉప్పు లేకుండా ఎలా వండుతారు? ఆ లోతుగారు వండాడా? ఉప్పు అడిగినందుకు ఆవిడ స్తంభమైపోవాలి. కూతుళ్ళని వాకిట్లోకి తోసేస్తానన్నవాడు మాత్రం నిక్షేపంగా కొండ చేరాడు. వాణ్ణేం చెయ్యలేదా మీ దేవుడు?"

సుధేష్ణ ఒక్క మాట కూడా మింగకుండా ఇంగ్లీషులో పెట్టింది. బెల్లా మొహం ఎర్రబడింది. ఆయనకీ తర్వాత మంచేం జరగలేదులే అని గొణిగింది. లక్ష్మీకాంతం ఆగలేదు. ఇంతసేపూ ఆమె మనసు ఇంకోచోట తట్టుకుని ఉంది.

"ఇందాక అల్లుళ్ళన్నారు. అల్లుళ్ళు రాలేదన్నారు. అల్లుళ్ళుంటే కూతుళ్ళుండాలి కదా. ఆ పిల్లలేరి?"

ఫ్రీడాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఎవరైనా ఇది అడగాలని ఈ భాగం వచ్చినప్పుడల్లా ఎదురుచూస్తాను అన్నారు. ఆవిడకి తెలుసు. పెద్దల్లోనే ఒకాయన ఎప్పుడో రాశాడట, ఆవిడకి పెళ్ళయిన కూతుళ్ళు కూడా ఉన్నారని, వాళ్ళు వెనకాల వస్తున్నారా లేదా అని కడుపు తరుక్కుపోయి తిరిగి చూసిందని. ఆ మాటా పుస్తకాల్లోనే ఉందట. కానీ పిల్లలకి చెప్పేటప్పుడు ఉప్పు సంగతి చెబుతారు, మాట వినని ఆడదాని గతి చూడండంటారు, ఇది మాత్రం ఎవరూ చెప్పరు.

బెల్లా ఒప్పుకోలేదు. అది అందరూ అంగీకరించిన మాట కాదు, పెళ్ళి నిశ్చయమైన అల్లుళ్ళేనని అన్నవాళ్ళూ ఉన్నారంది. నువ్వన్నదే నిజమనుకో, జాలితో చూసింది, చూసి రాయిలా నిలబడిపోయింది, ఎవరికేం లాభమంది. తర్వాత లక్ష్మీకాంతం వైపు తిరిగి, "నువ్వైతే ఏం చేసేదానివి? ఉప్పయిపోయేదానివా?" అంది.

బెల్లాకి ధరణి సంగతి తెలియదు. ఊరికే వాదనలో అంది. లక్ష్మీకాంతం మాత్రం తననే నిలదీసినట్టు లేచి నిలబడింది.

"అయితే అవుతాను. ఉప్పు కుళ్ళదు, పురుగు పట్టదు. నేను లేకుండా ముద్ద దించండి చూద్దాం."

ముందు ఫ్రీడాగారు పడీపడీ నవ్వారు. తర్వాత బెల్లా కూడా, ఇష్టంలేనట్టే, నవ్వింది. అయినా పోట్లాట తెగలేదు. శ్రావ్యని బడి నుంచి తెచ్చే వేళయిందని లక్ష్మీకాంతం వెళ్ళిపోయాక కూడా సాగిందని సుధేష్ణ తర్వాత చెప్పింది.

శనివారం పొద్దున్న అందరూ టిఫిన్ దగ్గరుండగా, గోడ అవతల నుంచి సుధేష్ణ పిలిచింది. "ఆంటీ, ధరణక్క హాస్పిటల్ల అడ్మిట్ అయింది. నొప్పులొస్తున్నయట. డెక్లన్ ఫోన్ చేసిండు." గొంతు తగ్గించలేదు. తగ్గించొద్దని లక్ష్మీకాంతమే ముందు చెప్పి ఉంచింది.

లక్ష్మీకాంతం చేతిలో అట్లకాడ కింద పెట్టి, పొయ్యి ఆపి, గిరీష్ ముందుకొచ్చి నిలబడింది. దొంగలా వెళ్ళడం ఆమెకిష్టం లేదు. రైలుకి పాస్‌పోర్టు అక్కర్లేకపోయినా, తన కాగితాన్ని వాడి అరలో వదిలి వెళ్ళడమూ ఇష్టం లేదు.

"నా పాస్‌పోర్టు ఇవ్వు నాన్నా. చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను."

గిరీష్ తల ఎత్తలేదు. జయశ్రీ శ్రావ్యని పక్కగదిలోకి వెళ్ళమంది. ఆ పిల్ల కదల్లేదు. గిరీష్ చాలా చెప్పాడు. తనకి ఎవరి ముందూ తలెత్తుకునే వీల్లేకుండా పోయిందన్నాడు. నాన్న ఉంటే ఇలా జరిగేదా అన్నాడు. పక్కింటి ముసలమ్మలు నీకు లేనిపోనివి నూరిపోస్తున్నారన్నాడు. లక్ష్మీకాంతం వాడికి లోతు భార్య కథ చెప్పబోయింది. వాడు మధ్యలోనే ఆపేశాడు.

"వాళ్ళెవరి దేవుడి కథో మనకెందుకమ్మా? సింపుల్‌గా చెప్తున్నా. వెళ్తే వెళ్ళు. వెళ్ళాక మాత్రం ఇక్కడికి తిరిగి చూడకు."

అంతవరకూ లక్ష్మీకాంతానికి భయంగానే ఉంది. ఆ మాటతో భయం పోయింది. వీడికి తెలిసిన శాపం ఇదొక్కటే. అక్కడున్నప్పుడు ఇటు చూడకు, ఇక్కడున్నప్పుడు అటు చూడకు.

"చూస్తాను," అంది. "ఇప్పుడు అటు చూస్తాను. అక్కణ్ణించి ఇటూ చూస్తాను. నువ్వూ నా బిడ్డవే, అదీ నా బిడ్డే. మెడ నాది. ఎటు తిప్పాలో నువ్వు చెప్పకు."

గిరీష్ లేచి తోటలోకి వెళ్ళిపోయాడు. పాస్‌పోర్టు ఇవ్వలేదు. ప్రెస్ తలుపు తీసి, పై అర అందక స్టూలెక్కి, దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది జయశ్రీ. అత్తగారి కళ్ళల్లోకి చూడలేదు. బల్ల మీద పెట్టి, దోసె మాడుతోందేమోనని పొయ్యి దగ్గరికి వెళ్ళింది, పొయ్యి ఆపేసి ఉన్నా. లక్ష్మీకాంతం ఆ పిల్లని ఆ రోజు మొదటిసారి సరిగ్గా చూసింది.

రెండు చీరలు, కారప్పొడి సీసా, వాము, చిన్నపిల్లకి పాత మెత్తటి పంచె గుడ్డలు. వాటితో పాటు నీలం అంచు గిన్నె, మూత కట్టి, నిండా కళ్ళుప్పుతో. శనివారం వాళ్ళకి విశ్రాంతి దినం, ఫ్రీడాగారు బండెక్కరు, డబ్బు ముట్టరు. అందుకని స్టేషను దాకా రాలేకపోయారు. గేటు దాకా వచ్చి నిలబడ్డారు. సుధేష్ణ బస్సులో కానలీ స్టేషనుకి తీసుకెళ్ళి, టిక్కెట్టు కొని, ములింగార్ మీదుగా పోయే స్లైగో రైలెక్కించింది. రైలు కదిలాక, లక్ష్మీకాంతం కిటికీకి మొహం ఆనించి, ఊరు కనపడినంతసేపూ వెనక్కే చూసింది. ఏమీ కాలేదు.

ఆసుపత్రికి చేరేసరికి బిడ్డ పుట్టేసింది. ఆడపిల్ల. డెక్లన్ వరండాలో నిలబడి, ఈవిడే అత్తగారని పోల్చుకుని, ఏం చెయ్యాలో తెలియక రెండు చేతులూ జోడించాడు. ఎవరో నేర్పి ఉంటారు. లోపల ధరణి తల్లిని చూసి గోడ వైపు తిరిగిపోయింది. అటు తిరిగే అడిగింది.

"అన్నయ్య ఒప్పుకున్నాడా?"

"లేదు."

"మరెలా వచ్చావు?"

"రైల్లో వచ్చాను."

ధరణి ఏడుపులోనే నవ్వింది. లక్ష్మీకాంతం గిన్నె మూత విప్పి, గుప్పెడు కళ్ళుప్పు తీసి, తల్లికీ బిడ్డకీ దిష్టి తీసింది. డ్యూటీలో ఉన్న ఐరిష్ నర్సు అదేంటని ధరణిని అడిగి, విని, "గ్రాండ్," అని, అంటే ఇక్కడి వాడుకలో సరేలే అని, తెర లాగి వెళ్ళిపోయింది. ఆ ఉప్పు నీళ్ళలో వేశాక, ధరణి మంచం మీంచి చెయ్యి చాపింది. ఉప్పు చేతికివ్వకూడదని గుర్తొచ్చి, లక్ష్మీకాంతం గిన్నె మంచం పక్క బల్ల మీద పెట్టింది. ధరణి అందులోంచి కాస్త తీసి, "వంగమ్మా," అంది. మొగుడు పోయినప్పటి నుంచి ఎవరూ దిష్టి తియ్యని తలని లక్ష్మీకాంతం కూతురి ముందు వంచింది.

పురుడయ్యాక కూడా ఆమె ములింగార్‌లోనే ఉండిపోయింది. గురువారాలు మాత్రం మానలేదు. వీలైనప్పుడల్లా రైలెక్కి ఫ్రీడాగారింటికి వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు బెల్లా ఆమె చెయ్యి గిల్లి చూసి, ఇంకా మనిషే, ఉప్పు కాలేదంది. ఆ మాటకి జవాబు చెప్పేలోపే ఇంకో వాదన మొదలైంది.

ఆ చదువయ్యాక లక్ష్మీకాంతం నేరుగా స్టేషనుకి పోయేది కాదు. ఫ్రీడాగారి గేటు దాటి, పక్కింటి గేటు ముందు ఆగి, ఇంటి వైపు తిరిగి నిలబడేది. ఎత్తుకుని ఉంటే ధరణి బిడ్డని కూడా అటే తిప్పేది. కొన్నిసార్లు మేడ మీద శ్రావ్య చెయ్యి ఊపేది. కొన్నిసార్లు కింద కిటికీ తెర కదిలేది, మనిషి కనపడేవాడు కాదు. వానొస్తే గొడుగు విప్పుకునేది. దారిన పోయేవాళ్ళు చూసేవాళ్ళు. లక్ష్మీకాంతం తల తిప్పుకునేది కాదు.

లక్ష్మీకాంతం
డెబ్బై ఒక్క ఏళ్ళు
ప్రస్తుతం ఉండేది ములింగార్‌లో, కూతురింట్లో